పేటలో ‘సంఘం’: క్రైస్తవ సంఘ నిర్వహణ చరిత్ర నేర్పే పాఠాలు

తెలుగునాట క్రైస్తవ మతవ్యాప్తిని గురించి చదువుకున్నవాళ్ళలో రెండు అభిప్రాయాలు స్థిరపడి వున్నాయి. మిషనరీలు రాసుకున్న చరిత్రల ప్రకారం అదంతా దైవానుగ్రహం. జాతీయవాదులు, వారితోపాటు మనలో చాలామంది చెప్పేదాని ప్రకారం అది సామ్రాజ్యవాదం వెంట వచ్చిన తోక. కరువు రోజుల్లో గింజలు చల్లి మనుషుల్ని పట్టిన వల. ఈ రెండు అభిప్రాయాలూ పైకి బద్ధవిరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి రెండింటిలోనూ ఒకే లోపం వుంది. మతం పుచ్చుకున్న మాల మాదిగలు రెండింటిలోనూ ఏమీ చెయ్యరు. ఒకదానిలో దేవుడు చేస్తాడు, రెండోదానిలో దొర చేస్తాడు.

బాప్తిస్మం అయిన మర్నాడు పేటలో ఏం జరిగిందన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న. అక్కడ ఒక సంఘం ఏర్పడింది. దాన్ని ఎవరో నడపాలి. ప్రార్థన ఎప్పుడు పెట్టాలి? బోధకుడి తిండి ఎవరు పెట్టాలి? కానుకల లెక్క ఎవరు రాయాలి? తాగి వచ్చి పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి ఏం చెయ్యాలి? మాల కూర్చున్న చాప మీద మాదిగ కూర్చోవచ్చునా? ఇవి వేదాంత విషయాలు కావు, నిర్వహణకు సంబంధించిన విషయాలు. వీటికి చెప్పుకున్న జవాబుల్లోనే ఆ సంఘాల అసలు చరిత్ర వుంది. ఊరి పాలనలో ఏనాడూ చోటులేని జనం ఒక సంస్థను నడపటం ఎలా నేర్చుకున్నారో, ఎక్కడ నేర్చుకోలేకపోయారో, ఎక్కడ నేర్చుకోనివ్వలేదో ఆ చరిత్ర చెబుతుంది.

మాట దగ్గరే మొదలుపెడదాం. క్రైస్తవుల తెలుగులో ‘సంఘం’ అంటే కట్టడం కాదు, కూడిన మనుషులు. తెలంగాణా పల్లెల్లో 1940లలో ఆంధ్ర మహాసభను జనం పిలుచుకున్నదీ ‘సంఘం’ అనే. ఈ రెండు సంఘాలకూ సిద్ధాంతంలో పొత్తు లేదు. కాని ఊరికి వెలుపల బతికేవాళ్ళు ఒకచోట కూడటమే ఊరి పెద్దలకు నేరంగా కనిపించిన సమాజంలో, ఆ మాట రెండుచోట్లా ఒకే బరువు మోసింది. తొలినాటి క్రైస్తవాన్ని గురించి 1894లో రాస్తూ ఎంగెల్సు దాన్ని తన కాలపు కార్మికోద్యమంతో పోల్చి చూడటానికి వెనుకాడలేదు. మార్క్సు చెప్పిన ‘నల్లమందు’ మాటను పట్టుకుని మిగతా వాక్యాలు వదిలేసే మన అలవాటుకు అది మంచి మందు.

పందొమ్మిదో శతాబ్దం మధ్యనాటికే సంఘ నిర్వహణను గురించి పాశ్చాత్య మిషన్లలో ఒక సిద్ధాంతం తయారైంది. ఇంగ్లండులో చర్చి మిషనరీ సొసైటీ కార్యదర్శి హెన్రీ వెన్, అమెరికాలో మరొక మిషన్ బోర్డు కార్యదర్శి రూఫస్ ఆండర్సన్ విడివిడిగా ఒకే నిర్ణయానికి వచ్చారు. ఏ దేశపు సంఘమైనా మూడు పనులు తనంతట తాను చెయ్యగలగాలి: తన ఖర్చు తాను భరించుకోవాలి, తన పాలన తాను చేసుకోవాలి, తన వ్యాప్తి తాను చూసుకోవాలి. ఆ పనులు సంఘానికి వచ్చిననాడు మిషనరీ సామాను సర్దుకుని మరొకచోటికి పోవాలి. కాగితం మీద ఇది ప్రజాస్వామిక సూత్రం. ఆచరణలో మాత్రం మొదటి సూత్రానికీ రెండో సూత్రానికీ మధ్య పెద్ద పేచీ వుంది. డబ్బు ఎవరిదో పెత్తనం వారిది. పేదల సంఘం తన ఖర్చు తాను భరించలేదు. భరించలేనంత కాలం పాలన దాని చేతికి రాదు. ఈ చిక్కుముడిని విప్పటానికి తెలుగు దేశంలో జరిగిన రెండు ప్రయత్నాలు ప్రత్యేకంగా చూడదగినవి. ఒకటి ఒంగోలులో, రెండోది డోర్నకల్లులో.

1840లో నెల్లూరులో కాలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాతికేళ్ళు పనిచేసినా పట్టుమని వందమందిని కూడగట్టలేకపోయింది. దాన్ని ఎత్తివేద్దామని స్వదేశంలో ఒకటికి రెండుసార్లు తర్జనభర్జనలు జరిగాయి. 1865లో వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ మరుసటి ఏడు ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘం ఏర్పడింది. దాన్ని పల్లెల్లోకి తీసుకువెళ్ళిన మొదటి మనిషి క్లౌ కాదు; తాళ్ళకొండపాడు మాదిగవాడు యర్రగుంట్ల పేరయ్య. పేరయ్య తోలు వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు, అంతకుముందే యోగమార్గ గురువుల దగ్గర ఉపదేశం పొందినవాడు. అతనికి చుట్టాలున్న పల్లెలే సంఘం పోయిన పల్లెలు. ఊరి అగ్రవర్ణాల పిల్లల కోసం నడుస్తున్న బడిలోకి మాదిగ పిల్లలను రానిచ్చినందుకు పెద్దలు తమ పిల్లలను మానిపించారు. ఎవరి సంఘమో ఆ రోజుతో తేలిపోయింది.

క్లౌ తొలి విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వీటిని మతనియమాలుగా చదివితే పెద్దగా అర్థం కాదు. గ్రామ ఆర్థిక వ్యవస్థలో పెట్టి చదవాలి. చచ్చిన గొడ్డును ఎత్తిపారేసి, తోలు తీసి, మోటబొక్కెనా చెప్పులూ కుట్టి రైతుకివ్వటం మాదిగ విధి. ఆ మాంసం దానికి ముట్టే ప్రతిఫలంలో భాగం. జాతరలో డప్పు కొట్టటం మరొక విధి. ఆదివారం పనికి రానంటే పాలేరు యజమాని కాలాన్ని తనదిగా చేసుకున్నట్టు. మూడు నియమాలూ కలిపి చూస్తే అవి మూడు నిరాకరణలు. కరణాలూ మునసబులూ ఈ సంగతి మన చరిత్రకారులకంటే ముందే గ్రహించారు. అందుకే బావినీళ్ళు ఆపారు, పనులు మాన్పించారు, తప్పుడు కేసులు బనాయించారు. పరలోకాన్ని గురించిన నమ్మకం మీద అంత ఆగ్రహం ఎవరికీ రాదు.

ఇక నిర్వహణ. కొత్త సంఘానికి కొత్త ఏర్పాటు తెచ్చిపెట్టకుండా, మాదిగపల్లెలో అప్పటికే వున్న పెద్దల పంచాయతీని క్లౌ వాడుకున్నాడు. తగవులు అక్కడే తీరేవి. బోధకుడు అదే కులంవాడు, అదే యాస మాట్లాడేవాడు. అతని పోషణ కొంత మిషన్ చూస్తే, మిగతాది పల్లె చూసేది. గ్రామవృత్తులవారికి కళ్ళంలో గింజలు కొలిచినట్టే గురువుకూ గింజలు కొలిచారు. మూడు నెలలకొకసారి బోధకులందరూ ఒంగోలులో కూడేవారు. ఏ పల్లెలో ఏం జరిగిందో ఒక్కొక్కరూ చెప్పేవారు. అనుభవాలు మార్చుకునేవారు, జీతం తీసుకుని వెళ్ళేవారు. కార్యకర్తల సమావేశాలు నడిపిన ఎవరికైనా ఈ పద్ధతి పరిచితంగానే తోస్తుంది.

ఈ యంత్రాంగానికి పరీక్ష 1876-78 కరువులో వచ్చింది. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్ళ పనిని క్లౌ కంట్రాక్టుకు తీసుకున్నాడు. యువకుడుగా అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన అనుభవం అతనికి వుంది. బోధకులే మేస్త్రీలైనారు. ఇతర కంట్రాక్టుల్లో మేస్త్రీలు కొట్టి, తిట్టి, కూలి కోసుకునే రోజుల్లో, తమవాడే మేస్త్రీగా నిలబడి లెక్క ప్రకారం కూలి ఇవ్వటమంటే ఏమిటో ఆలోచించాలి. కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపారు. ఆపిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చినవారు తెలుగు బోధకులే. ఆరుగురు వంతులవారీగా, ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. గుమాస్తాలు పేర్లు చదువుతూ పోయారు. గింజల కోసం మారారనే వాదం ఈ వరసక్రమాన్ని పట్టించుకోదు. గింజలు పంచటం అయిపోయాక వచ్చిన జనం వీరు. ఆ పేర్ల జాబితా సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోవాలి.

అయితే ఒంగోలు విధానంలో ఒక పెద్ద వైరుధ్యం వుంది. బాప్టిస్టు సిద్ధాంతం ప్రకారం ప్రతి సంఘమూ స్వతంత్రమే. పై అధికారి ఎవరూ లేరు, సభ్యుల ఓటే తుదిమాట. ఒంగోలులో మాత్రం వందల పల్లెల్లో చెదరివున్న వేలమంది చాలాకాలం ఒకే సంఘపు సభ్యులుగా లెక్కకు వచ్చారు. ఒకేచోట కూడలేని సంఘంలో ఓటు ఎలా వేస్తారు? కాబట్టి పేరుకు సభ్యులది, వాస్తవానికి దొరది అయింది అధికారం. పల్లె తన తగవు తాను తీర్చుకుంది గాని, డబ్బు లెక్క బోస్టన్ నుంచి ఒంగోలుకు, ఒంగోలు నుంచి పల్లెకు దిగివచ్చింది. పైనుంచి వచ్చిన డబ్బుకు పైవాళ్ళకే లెక్క చెప్పాలి. పల్లెకు లెక్క చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

రెండో ప్రయత్నం నైజాం రాజ్యంలో, వరంగల్లు ప్రాంతంలోని డోర్నకల్లులో జరిగింది. తిరునెల్వేలి జిల్లా తమిళుడు వేదనాయగం సామ్యూల్ అజరయ్య 1909లో అక్కడికి వచ్చాడు. తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో 1903లో స్థాపించుకున్న భారతీయ మిషనరీ సంఘం అతన్ని పంపింది. 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లవాళ్ళ ముఖాన అతను ఒక మాట అన్నాడు: మీరు త్యాగాలు చేశారు, ధనం ఇచ్చారు, కాని మాతో స్నేహం చెయ్యలేదని దాని సారాంశం. సభలో చాలామందికి అది రుచించలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడైనాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకల్లులోనే పనిచేశాడు.

ఆంగ్లికన్ వ్యవస్థ మెట్లవ్యవస్థ. అధికారం పైనుంచి కిందికి దిగుతుంది. కాని ఈ మెట్లవ్యవస్థలోనే అజరయ్య ఒంగోలువారు చెయ్యలేని పని ఒకటి చేశాడు. సంఘపు ఖర్చును సంఘం పొయ్యి దగ్గరికి తెచ్చాడు. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వెయ్యాలి. వారానికొకసారి అది సంఘానికి పోవాలి. కోతలప్పుడు తొలి పంటలోంచి, కోళ్ళలోంచి, మేకల్లోంచి కొంత. ఇచ్చే విషయాన్ని గురించి అతను ఒక పుస్తకమే రాశాడు. అసలే కడుపునిండని వాళ్ళ పిడికెడు గింజలు తీసుకోవటం దోపిడీ కాదా అని మనం అడగవచ్చు. అడగాలి కూడా. కాని దాని రెండో ముఖం కూడా చూడాలి. పిడికెడు ఇచ్చినమ్మ ‘ఆ బియ్యం ఏమైంది’ అని అడగగలదు. సముద్రం అవతలినుంచి వచ్చిన రూపాయిని అలా ఎవరూ అడగలేరు. కరణం ఒక్కడే లెక్కలు రాసే ఊళ్ళో, పేటవాళ్ళు తమ లెక్క తామే రాసుకుని, పదిమందిలో చదివి వినిపించుకోవటం చిన్న విషయం కాదు.

రెండోది శిక్షణ. పంతుల్ని ఒక్కణ్ణే తెచ్చి చదివిస్తే చాలదని డోర్నకల్లువారు భార్యాభర్తలిద్దరికీ శిక్షణ ఇచ్చారు. పగలు పిల్లల బడి, రాత్రి పెద్దల ప్రార్థన, ఆ తరువాత చదువు. ప్రార్థన రాత్రిపూట ఎందుకు? పగలు జనం దొర పొలంలో వుంటారు గనక. ఏ సంస్థ అయినా తన సభ్యుల పనిగంటలను బట్టి సమావేశం పెట్టుకోవాలన్న సామాన్య సత్యాన్ని ఈ పంతుళ్ళు పాటించారు. పుస్తకం చదవలేని సభకు కీర్తన పుస్తకమైంది. పురుషోత్తమ చౌదరి మొదలైనవారు పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన కీర్తనలు పరదేశపు బాణీలు వదిలి మన రాగతాళాల్లో నడిచాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’గా అవి పేటపేటలో కంఠస్థమైనాయి. మన సాహిత్య చరిత్రలు వీటికి ఒక పేజీ ఇవ్వటానికి కూడా మొహమాటపడటం విచారకరం. ప్రజాసాహిత్యం కావాలని కేకలు వేసే మనం, జనం నిత్యం పాడుకునేదాన్ని సాహిత్యం కిందికి తీసుకోము!

డోర్నకల్లులో 1939లో ప్రతిష్ఠించిన దేవాలయం మరొక సాక్ష్యం. గోపురాలూ గుమ్మటాలూ కలిసిన కట్టడం అది. మసీదునూ, హిందూ మండపాన్నీ చర్చిలో కలిపారు. సంఘం ఈ నేల మీది మనుషులదని చెప్పటానికి రాతితో చేసిన వాదం. రాజకీయాల్లోనూ అజరయ్య క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. అయినా 1936-37లలో సామూహిక మతాంతరీకరణల విషయంలో గాంధీజీతో అతనికి తీవ్రమైన విభేదం వచ్చింది. దళితులు ఆలోచించి మతం మార్చుకోగలవాళ్ళా కాదా అన్నది ఆ వివాదంలో ఇమిడివున్న ప్రశ్న. ఈ ఒక్క విషయంలో బిషప్పు జనాన్ని మహాత్ముడికంటే ఎక్కువగా నమ్మాడని అనక తప్పదు.

ఇంతవరకూ మంచి చెప్పాను. దీన్నిబట్టి క్రైస్తవ సంఘాన్ని విముక్తి సంస్థగా కీర్తించటం పొరపాటు. నిర్వహణలోనే దాని ఓటమి కూడా వుంది.

మొదటిది కులం. ఒకే పాత్రలోంచి ప్రభురాత్రి భోజనం తీసుకోవాలని విధి. మాలా మాదిగా కలిసి ఒక పాత్ర పెదవికి ఆనించుకోవటమంటే ఊరి ధర్మాన్ని తలకిందులు చెయ్యటమే. జరిగినచోట జరిగింది. చాలాచోట్ల మాలలకొక సంఘం, మాదిగలకొక సంఘం మిగిలాయి. ఒక్కొక్క మిషన్ ఒక్కొక్క కులంలో వేళ్ళూనుకోవటం దీనికి తోడ్పడింది. కులపంచాయతీని సంఘంగా మార్చుకోవటం ఒంగోలులో బలమైంది గాని, పంచాయతీతోపాటు కులం కూడా సంఘంలోకి నడిచి వచ్చింది.

రెండోది స్త్రీ. పిడికెడు బియ్యం తీసిపెట్టింది ఆమె. ఇల్లిల్లూ తిరిగి బోధించిన ‘బైబిలు స్త్రీ’ ఆమె. లెక్కలు చూసే కమిటీలో మాత్రం ఆమె లేదు. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం స్త్రీలకు గురుత్వం ఇవ్వటానికి 1970ల దాకా పట్టింది. ఆ సంఘంలో మొదటి స్త్రీ బిషప్పుగా నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత వచ్చింది 2013లో. పిడికెడు బియ్యానికీ ఈ పదవికీ మధ్య మూడు తరాలు గడిచాయి.

మూడోది క్రమశిక్షణ. తప్పు చేసినవాణ్ణి సంఘం కొంతకాలం బయట వుంచి, పశ్చాత్తాపం చూసి తిరిగి చేర్చుకోవాలి. తిరిగివచ్చే దారి వుండటమే ఈ శిక్షకూ ఊరి వెలికీ వుండవలసిన తేడా. ఆ తేడా మరిచిపోతే సంఘమే మరో ఊరవుతుంది. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువా పురాణ వస్తువులతో కావ్యం రాసినందుకు సంఘం అతన్ని వెలివేసింది. ఊరు కులం చూసి తోసేసింది, సంఘం కవిత్వం చూసి తోసేసింది. ఆ కవే తరువాత ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమానం పొందాడు. తెలుగు క్రైస్తవ సంఘ నిర్వాహకులు ఈ ఒక్క ఉదంతాన్ని గోడకు రాసిపెట్టుకోవచ్చు.

నాలుగోది ఆస్తి. మిషనరీలు వెళ్ళిపోతూ ఆసుపత్రులు, బడులు, కళాశాలలు, స్థలాలు వదిలివెళ్ళారు. వీటిని పోగుచేసింది పేట కాదు. కాబట్టి వీటికి పేటకు లెక్క చెప్పే సంప్రదాయం ఏర్పడలేదు. ఎన్నికలు ఆస్తి కోసం, ఆస్తి ఎన్నికల కోసం అయినాయి; తగాదాలు కోర్టులకెక్కాయి. ఒంగోలులో మొదలైన చిక్కుముడి విడకుండానే పెరిగి ఇక్కడికి చేరింది.

ఐతే ఈ లోపాలన్నీ సంఘం నెత్తిన వేసి చేతులు దులుపుకోలేము. స్వతంత్ర భారత ప్రభుత్వం 1950లో షెడ్యూల్డు కులాల ఉత్తర్వు చేస్తూ హిందూమతంలో వున్నవారికే ఆ హోదా పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించింది. క్రైస్తవులకూ ముస్లిములకూ విస్తరించలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులను వెనుకబడిన తరగతుల ‘సి’ గ్రూపులో చేర్చి ఒక్క శాతం కేటాయించారు. ఈ మతనిబంధన తీసివెయ్యాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది.

ఈ చట్టం సంఘ నిర్వహణను ఎలా కుళ్ళబెట్టిందో గమనించాలి. ఏ ప్రజాస్వామిక సంస్థకైనా ప్రాణం సభ్యత్వ పుస్తకం. ఎవరు సభ్యులో తెలియనిచోట ఓటు లేదు, లెక్క లేదు, జవాబుదారీ లేదు. గుండ్లకమ్మ ఒడ్డున 2,222 పేర్లు బాహాటంగా రాసుకున్న జనానికి, 1950 తరువాత పుస్తకంలో పేరుండటమే ప్రమాదమైంది. పిల్లవాడి స్కాలర్‌షిప్పు పోతుంది, ఉద్యోగం పోతుంది, రిజర్వుడు స్థానాల్లో నిలబడే హక్కు పోతుంది. కాబట్టి ఆదివారం ఆరాధనకు వస్తాడు, కానుక వేస్తాడు, పేరు మాత్రం రాయించుకోడు. పేరులేని సభ్యుడు పాస్టరును నిలదీయలేడు. మిగిలేది నోరుమూసుకుని వినే గుంపు, మైకు ముందు నిలబడిన ఒక్క మనిషి. సంఘం పోయి సభ మిగులుతుంది. దీన్ని చూసి ‘క్రైస్తవులు పాస్టర్ల చెప్పుచేతల్లో వున్నారు’ అని వెటకారం చేసేవాళ్ళు, పేరు చెప్పుకునే హక్కు కోసం ఏం చేశారో చెప్పాలి. మన అభ్యుదయవాదుల్లో చాలామంది దీన్ని ‘వాళ్ళ మతవిషయం’ అని పక్కన పెట్టారు. ఇది మతవిషయం కాదు. మనిషి నమ్మకం మార్చుకుంటే అతని మీద జరిగే అన్యాయం మాసిపోతుందని రాజ్యం చేస్తున్న అబద్ధపు ప్రకటన.

ఈ చరిత్ర నుంచి ఏ సంఘాన్ని నడిపేవారికైనా కొన్ని ఆచరణసూత్రాలు దొరుకుతాయి. నాయకుడు జనంలోంచి రావాలి, జనం యాసలో మాట్లాడాలి. సమావేశం పనిచేసేవాడి తీరికను బట్టి పెట్టాలి, మాట్లాడేవాడి తీరికను బట్టి కాదు. డబ్బు కొంచెమైనా అందరి దగ్గరా తీసుకోవాలి, అందరి ముందూ లెక్క చదవాలి. పిడికెడు ఇచ్చినవాళ్ళకు కమిటీలో చోటుండాలి. శిక్షకు తిరిగివచ్చే దారి వుండాలి. ఒక్క నాయకుణ్ణి పెంచేకంటే పదిమంది పంతుళ్ళను తయారుచెయ్యటం మేలు. వీటిలో ఏ ఒక్కటీ పరలోకానికి సంబంధించింది కాదు. ఏ ఒక్కటీ మన కార్మిక, రైతు, రచయితల సంఘాలకు అక్కరలేనిదీ కాదు.

కృష్ణా, గుంటూరు జిల్లాల పేటల్లోకి వ్యవసాయ కార్మిక సంఘాలు వెళ్ళేసరికి చాలాచోట్ల ఒక ప్రార్థన మందిరం, ఒక రాత్రి బడి, లెక్క రాయగల ఒక పంతులు అప్పటికే వున్నారు. ఖాళీ పలక మీద మనమేదో కొత్తగా రాశామని అనుకోవటం చరిత్ర తెలియకపోవటం. పేటలో సంఘం అనే మాటకు అర్థం అక్కడివాళ్ళు అప్పటికే కొంత నేర్చుకుని వున్నారు. వాళ్ళు నేర్చుకున్నదాన్ని గౌరవించి, వాళ్ళ పేరు పుస్తకంలో నిర్భయంగా రాసుకోగల రోజు కోసం వాళ్ళతో కలిసి నిలబడటం ప్రజాస్వామ్యాన్ని కోరే ప్రతివారి పని. అది నెరవేరేదాకా, మతాన్ని విమర్శించటానికి మనకున్న హక్కు సగమే.